పగడాల వీధి నుంచి పల్లికరణై దాకా

గురువారం, మే 23, 2024

పినాకినిలో కూర్చునే చోటు దొరకడమే ఎక్కువ. పదమూడో తారీఖున ఓటేయడానికి సొంతూళ్ళకు వచ్చిన మద్రాసు తెలుగువాళ్ళు పిల్లల సెలవులు, ఆవకాయ పనులు ముగించుకుని ఇప్పుడు వెనక్కి పోతున్నారు. సీట్ల కింద జాడీలు, పైన బంగినపల్లి బుట్టలు. నెల్లూరు దాకా బోగీలో ఒకటే మాట, నాలుగో తారీఖున ఎవరొస్తారని. గూడూరు దాటాక పక్కసీటాయన నా వైపు తిరిగి ఏం పని మీద వెళ్తున్నారని అడిగాడు. పగడాలు చూడ్డానికి అన్నాను.

"మద్రాసులో సముద్రం కింద ఇసకే కదండీ ఉండేది?" అన్నాడు. సూళ్ళూరుపేటలో దిగేదాకా నన్ను అనుమానంగానే చూశాడు.

ఆయన అన్నది నిజం. మన కోస్తా పొడుగునా, మద్రాసు ముందూ చెప్పుకోదగ్గ పగడపు దిబ్బలు లేవు. పగడానికి తేట నీళ్ళు కావాలి, ఎండ కావాలి, ఉప్పు నిలకడగా ఉండాలి. బంగాళాఖాతంలోకి గంగ నుంచి గోదావరి, కృష్ణ దాకా నదులన్నీ మంచినీళ్ళూ ఒండ్రూ కుమ్మరిస్తుంటే అవి ఎక్కడ నిలబడతాయి? మద్రాసు నుంచి దిబ్బ చూడాలంటే ఐదువందల కిలోమీటర్లకు పైగా దక్షిణానికి, రామేశ్వరం, తూత్తుకుడి వైపు పోవాలి. మన్నారు సింధుశాఖలో 21 దీవులు, వాటి చుట్టూ దిబ్బలు. 1986లో దాన్ని సముద్ర జాతీయ పార్కు చేశారు. మండపం దాకా పోయి పడవెక్కుదామని నాకూ ఉంది. కానీ ఈ మే నెలలో అక్కడి నీళ్ళు కాగుతున్నాయి, దిబ్బలు తెల్లబారుతున్నాయి. రోగి ప్రాణం మీద ఉన్నప్పుడు ఇల్లు చూడ్డానికి పోవడం నాకు ఇష్టం లేదు.

అసలు ఈ ప్రయాణానికి కారణం మా బడిపిల్లలు. ఏప్రిల్ 15న అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా ప్రకటించింది, ప్రపంచవ్యాప్తంగా పగడాలు తెల్లబారడం మళ్ళీ మొదలైందని, ఇది నాలుగోసారి అని. ఆ వార్త చెబితే ఒకమ్మాయి లేచి, "తెల్లగా అయితే ఇంకా బాగుంటాయి కదా సార్?" అంది. క్లాసంతా ఆమె వైపే. పగడం అంటే వీళ్ళ కళ్ళ ముందు ఏ బొమ్మ ఉందో, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దామనిపించింది. మన వైపు పగడం ఏ రూపంలో దిగినా, చాలావరకు ఈ ఊళ్ళోనే దిగింది.

సెంట్రల్‌లో దిగి లోకల్ పట్టుకుని పెరంబూరు చేరాను. బాబాయి ఐసీఎఫ్‌లో, అంటే ఇక్కడి రైలుపెట్టెల ఫ్యాక్టరీలో, పనిచేసి రిటైరయ్యాడు. పిన్ని తలుపు తీస్తూనే, "ఏందిరా, ఇట్టా నల్లబడిపోయావ్?" అంది.

శుక్రవారం

ఎగ్మూరు మ్యూజియానికి శుక్రవారం సెలవు. కాబట్టి జార్జిటౌను.

మన్నడి మెట్రోలో దిగి నడిస్తే పవళక్కార తెరువు వస్తుంది, అంటే పగడాల వర్తకుల వీధి. బోర్డు ఉంది. పగడమే లేదు. ఇనుప సామాన్లు, పైపులు, అట్టపెట్టెలు, తోపుడుబండి మీద నన్నారి షర్బత్. ఒక ముసలాయన అరుగు మీద పేపరు చదువుకుంటున్నాడు. ఇక్కడ పగడాలు ఎప్పుడు అమ్మేవారని తమిళంలో కూడబలుక్కుని అడిగాను. "మా తాతకే తెలీదు" అని శుభ్రమైన తెలుగులో జవాబిచ్చాడు. ముత్యాలుపేటలో తెలుగుకి కొదవేముంది.

ఆయన తాతకు తెలియకపోవడంలో వింత లేదు. అది 17వ శతాబ్దం చివరి మాట. సెయింట్ జార్జి కోట పక్కన ఈ ఊరు పెరుగుతున్న రోజుల్లో, పోర్చుగీసు మూలాలున్న యూదు వర్తకులు లండన్ నుంచి వచ్చి ఇక్కడ వ్యాపారం పెట్టారు. మధ్యధరా సముద్రంలో తీసిన ఎర్రపగడం ఇటలీలోని లివోర్నో రేవులో చేతులు మారి, ఓడలెక్కి ఇక్కడికి చేరేది. బదులుగా ఇక్కణ్ణుంచి వెళ్ళినవి గోల్కొండ వజ్రాలు, అంటే మన కృష్ణ ఒడ్డున తవ్వినవి. 1688లో మద్రాసు కార్పొరేషన్ ఏర్పడినప్పుడు పన్నెండుమంది ఆల్డర్‌మెన్‌లో, అంటే నగరసభ పెద్దల్లో, ముగ్గురు ఈ యూదు వర్తకులే. ఆ వజ్రాలిచ్చిన కొల్లూరు గనులు ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉన్నాయి. వీధికి పేరు మాత్రం మిగిలింది. మా తెలుగు దేశం వజ్రాలు ఇచ్చి పగడాలు కొనుక్కుందంటే బాబాయి నమ్మడు. నేను మాత్రం అది అంత నష్టం బేరం అనుకోను. కొన్నవాళ్ళకి కావలసింది అదే మరి.

ఇప్పటికీ కావాలి. అక్కణ్ణుంచి ఎన్‌ఎస్‌సీ బోస్ రోడ్డు నడిచే దూరమే. ఒక నగల దుకాణంలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. ప్రొద్దుటూరు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. పగడం అనగానే కౌంటరు వెనకాయన "రాశి ఏంటండీ?" అన్నాడు. కుజదోషానికి ఉంగరమే ఎక్కువ పోతుందట. ఆ తర్వాత నల్లపూసల్లోకి, తాళి పక్కన గుచ్చుకోవడానికి చిన్న గుండ్లు. ఒక ట్రే తీసి చూపించాడు. కందిగింజంత గుండు నుంచి చింతగింజంత ముక్క దాకా, దానిమ్మ ఎరుపు, కుంకుమ ఎరుపు, లేత గులాబీ. లెన్సు ఇచ్చి ఒకదాన్ని వెలుగులో తిప్పి చూడమన్నాడు. నున్నగా ఉందనుకున్న గుండు మీద పొడుగునా సన్నటి గీతలు, జుట్టు దువ్వినట్టు పక్కపక్కన. "ఆ గీత ఉంటే అసలు. రంగేసిన గాజులో ఉండదు" అన్నాడు. ఇంకో పరీక్ష ఉంది కానీ ఎవరూ ఒప్పుకోరు, ఆమ్లం చుక్క వేస్తే నురగొస్తుంది. సున్నపురాయి కదా.

ఆయనకి నేను చెప్పింది ఒకటుంది. ఈ ఎర్రపగడమూ మన్నారు పగడమూ దూరపు చుట్టాలు, అంతే. ఎర్రపగడం మధ్యధరాలో చీకటి గుహల్లో, నీడ పట్టున, చల్లటి నీళ్ళలో పెరుగుతుంది. దాని ఎముకే ఎరుపు. కాండం లావెక్కడం ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఎండతో పనిలేదు గనక లోపల నాచును పెంచుకోదు, కాబట్టి మనం వింటున్న పద్ధతిలో తెల్లబారదు. అయినా వేడి దాన్నీ వదల్లేదు. 1999 వేసవిలోనూ, మళ్ళీ 2003లోనూ వాయవ్య మధ్యధరాలో నీళ్ళు వేడెక్కి ఎర్రపగడాలు, వాటి చుట్టాలైన విసనకర్ర పగడాలు పెద్దఎత్తున చచ్చిపోయాయి. ఆయన ట్రే లోపల పెడుతూ, "అందుకేనేమో రేటు ఇలా ఉంది" అన్నాడు. వ్యాపారి లెక్క వ్యాపారిది.

రాత్రి పిన్ని మెళ్ళో నల్లపూసలు అడిగి మరీ చూశాను. మూడు పగడాలు. ఒకటి ప్లాస్టిక్. ఆవిడకి చెప్పలేదు.

శనివారం

ఎగ్మూరు మ్యూజియం పెట్టింది 1851లో. తెలుగువాళ్ళు ఎవరొచ్చినా ముందు అమరావతి శిల్పాల దగ్గరికే పోతారు, నేనూ అంతే. మన స్తూపం పలకలు ఇక్కడున్నాయన్న బాధ ఒకపక్క, ఉన్నందుకు మిగిలాయన్న తృప్తి ఒకపక్క. దాని మీద ఇంకోసారి రాస్తాను. జంతువుల విభాగంలో తిమింగలం అస్థిపంజరం కింద పిల్లలు సెల్ఫీలు దిగుతున్నారు. వెన్నెముక లేని జీవుల అద్దాల దగ్గరికి ఎవరూ రావడం లేదు, దాంతో ఆ మూల చల్లగా, ఖాళీగా ఉంది.

వెతుకుతున్న బొమ్మ ఇక్కడ దొరికింది. మెదడు మడతల్లాంటి గుండ్రటి పగడం, కొమ్మలు కొమ్మలుగా విరిసిన పగడం, పుట్టగొడుగు గొడుగులాంటిది. అన్నీ తెల్లగా, సున్నం కొట్టిన గోడంత తెల్లగా. కింద లాటిన్ పేర్లు. సముద్రంలోంచి తీసి, కండ కుళ్ళబెట్టి, కడిగి, ఎండబెట్టి పెట్టినవి. తరతరాల బడిపిల్లలు ఈ అద్దాల్లో చూసింది వీటినే, పుస్తకాల్లో బొమ్మలు వేసినవాళ్ళూ వీటినే చూసి వేశారు. మా అమ్మాయి తప్పేం లేదు. నగల కొట్లో ఎరుపు, మ్యూజియంలో తెలుపు. రెండూ ఎముకలే. బతికున్న పగడం రంగు మనూళ్ళలో చూసినవాళ్ళు ఎవరు? మన్నారు దిబ్బ మీద అది ఎక్కువగా గోధుమ రంగు, ఆకుపచ్చ, అక్కడక్కడ ఊదా. మొదటిసారి చూసినవాడు ఇదేనా అనుకునేంత మామూలు రంగు. ఆ మామూలు రంగే దాని తిండి.

అద్దానికి ముక్కు ఆనించి కొమ్మ పగడాన్ని చూస్తే ఒళ్ళంతా చిన్నచిన్న గుంటలు కనబడతాయి. ఒక్కో గుంటలోపల చక్రం ఆకుల్లా సన్నటి సున్నపు రేకులు. ఒక్కో గుంట ఒక్కో జంతువు ఇల్లు. పాలిప్ అంటారు దాన్ని. నోరు ఒకటి, చుట్టూ చేతుల్లాంటి కొసలు, అంతకుమించి పెద్దగా ఏమీ లేదు. అది రాత్రుళ్ళు కొసలు చాచి నీళ్ళలో కొట్టుకొచ్చే చిన్న జీవుల్ని పట్టుకుంటుంది. కానీ ఆ సంపాదనతో ఇంత సున్నం కట్టలేదు. దాని కండలోపల లక్షల్లో సూక్ష్మ శైవలాలు, అంటే కంటికి ఆనని నాచు, కాపురముంటాయి. అవి ఎండలో చక్కెర తయారుచేసి అత్యధిక భాగం పాలిప్‌కే ఇచ్చేస్తాయి. పగడానికి కావలసిన శక్తిలో 90 శాతం దాకా అలా వస్తుంది. బదులుగా వాటికి నీడ, ఎరువు.

నీళ్ళు ఆ చోటి మామూలు వేసవి గరిష్ఠం కంటే ఒక్క డిగ్రీ ఎక్కువై, అలాగే కొన్ని వారాలు నిలిస్తే ఈ కాపురం చెడుతుంది. వేడికీ ఎండకీ శైవలం లోపలి యంత్రాంగం దెబ్బతిని, చక్కెర బదులు కణాల్ని కాల్చే ఆక్సిజన్ రకాలు పుట్టిస్తుంది. పగడం దాన్ని భరించలేక బయటికి నెట్టేస్తుంది. శైవలం పోతే రంగు పోయింది. మిగిలిన కండ గాజులా పారదర్శకం, దానిలోంచి లోపలి సున్నం కనబడుతుంది. అదే తెల్లబారడం. అప్పటికి పగడం చావలేదు, పస్తులుంటోంది. కొన్ని వారాల్లో నీళ్ళు చల్లబడితే శైవలాలు మళ్ళీ చేరతాయి, కోలుకుంటుంది. చల్లబడకపోతే చస్తుంది, అప్పుడు తెలుపు కూడా ఉండదు. బురదరంగు నాచు కప్పేస్తుంది. అంటే మ్యూజియం తెలుపు సముద్రంలో కొద్దికాలమే కనబడే దృశ్యం. ఒక ప్రాణి ఆకలితో ఉన్న ఆ కొన్ని వారాలు.

ఈ మ్యూజియానికీ మన్నారుకీ చాలా పాత సంబంధం. 1885 నుంచి ఇక్కడ సూపరింటెండెంటుగా ఉన్న ఎడ్గార్ థర్‌స్టన్‌ను మనం కులాల మీద సంపుటాలు రాసినవాడిగానే గుర్తుపెట్టుకున్నాం. ఆయన రామేశ్వరం తీరాల్లో ముత్యపుచిప్పలు, శంఖాలు, సముద్ర జీవుల మీద కూడా పనిచేశాడు. తర్వాతి సూపరింటెండెంటు గ్రేవ్లీ హయాంలో, 1927లో, పాంబన్ పక్కనున్న క్రుసడై దీవి జీవజాలం మీద మ్యూజియం ఒక సంచికే వేసింది. ఏ జీవి ఏ రాయి కింద ఉందో అంత ఓపిగ్గా రాసుకున్న మనుషులు వాళ్ళు. ఆ క్రుసడై దగ్గర ఇప్పుడు పగడాల్ని వేడి ఒక్కటే కాదు, మండపం వైపు సాగుకని తెచ్చిన కప్పాఫైకస్ అనే విదేశీ సముద్రనాచు కూడా కప్పేస్తోంది. తీరం మీదివాళ్ళకి అది జీవనం, పగడం మీద అది దుప్పటి.

దాచుకోవడం తెలిసినట్టే తవ్వుకోవడమూ తెలుసు మనకి. తూత్తుకుడి వైపు దశాబ్దాల పాటు పగడాల్ని గునపాలతో పెకలించి సున్నానికి, కట్టడాలకి బండ్లకెత్తారు. 2001లో దిబ్బలు కట్టే పగడాల్ని వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో, పులితో సమానంగా చేర్చారు. 2004 సునామీ తర్వాతగానీ తవ్వకం నిజంగా ఆగలేదు. 21 దీవుల్లో విలాంగుచల్లి, పూవరసన్‌పట్టి ఇప్పటికే నీళ్ళ కిందికి పోయాయి. అలల్ని ముందు ఆపేది దిబ్బే. దాన్ని తవ్వేసి, దీవి కరిగిపోతోందేమని అడిగితే ఏం చెప్పను.

సాయంత్రం బాబాయితో మెరీనా. శంఖాలు, గవ్వల దండలు, మొక్కజొన్న పొత్తులు. విశేషమేమీ లేదు, ఉక్క తప్ప.

ఆదివారం

రోహిణి కార్తె మొదలైంది. తమిళులకి కత్తిరి ఎండలు ఇంకా పోలేదు. తెల్లవారుజామున అయిదింటికే కాశిమేడు చేరాను, లేకపోతే నిలబడలేం.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్లకి వేట నిషేధం. రేవులో బోట్లు ఒకదానికొకటి ఆనుకుని, కాలు జారకుండా ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి నడిచిపోయేంత దగ్గరగా కట్టేసి ఉన్నాయి. ఆదివారం జనం మాత్రం ఎప్పట్లానే. అమ్మకానికి ఫైబర్ పడవలవాళ్ళు తెచ్చిన కవళ్ళు, కానాగంతలు, కొంచెం పీతలు, మిగతావి ఐసులో పక్క రాష్ట్రాల నుంచి వచ్చినవి. వంజరం రేటు విని వెనక్కి తగ్గాను.

వలలు బాగుచేస్తున్న గుంపులో తెలుగు వినబడి ఆగాను. శ్రీకాకుళం వైపువాళ్ళు. నిషేధం రోజుల్లో చాలామంది ఊళ్ళకి పోతారు, బోటు పనులకి కొందరు ఉండిపోతారు. యాభై దాటిన మనిషి ఒకాయన, కాలి బొటనవేలికి వల కొస తగిలించి బిగించుకుని, చేత్తో చెక్క సూది ఆడిస్తూ మాట్లాడాడు. నీలం నైలాను వలలో ఆకుపచ్చ దారంతో అతుకులు. ఎక్కడ చినిగిందో ఆ రంగే చెబుతుంది. ఇంత పెద్ద చిరుగు ఎలా అయిందంటే, "పారు మీద పడ్డది బాబూ" అన్నాడు.

పారు అంటే ఇక్కడి జాలర్ల మాటలో నీటి కింది రాతిగట్టు. దక్షిణాన పగడపు దిబ్బనీ అదే అంటారు. వలకి అది శత్రువు. చేపకి అదే ఊరు. "ఆ రాయి నేకపోతే సేపెక్కడుంటాది? అక్కడే తింటాది, అక్కడే గుడ్డెడతాది. అందుకే దాని అంచున తిరుగుతాం, మీదెక్కితే మాత్రం వల పోయినట్టే." ప్రపంచ సముద్రాల అడుగున పగడపు దిబ్బల వాటా ఒక శాతం కూడా లేదు, సముద్రజీవుల జాతుల్లో సుమారు నాలుగో వంతుకి బతుకులో ఎప్పుడో ఒకప్పుడు వాటితోనే పని. ఆయన చెప్పింది అంతకంటే సూటిగా ఉంది.

నీళ్ళ వేడి సంగతి అడిగాను. సముద్రం కాగడం వాళ్ళకి కొత్త కాదు, చేప ఎండాకాలం లోతుకి పోవడం ఎప్పుడూ ఉన్నదే. "ఇప్పుడది ముందొస్తంది, ఆలస్యంగా పోతంది" అన్నాడు, సూది ఆపకుండా. ఇంతకుమించి వాళ్ళ నోట్లో మాటలు పెట్టదల్చుకోలేదు. పత్రికలవాళ్ళు ఆ పని బాగానే చేస్తున్నారు.

మధ్యాహ్నం నిద్రపోయి సాయంత్రం కొళత్తూరు. అలంకరణ చేపల వ్యాపారానికి దక్షిణాదిలో పేరున్న చోటు. వీధంతా అద్దాల తొట్లు, ప్లాస్టిక్ సంచుల్లో ఊదిన ఆక్సిజన్, ఎర్రటి గప్పీల వరసలు. ఉప్పునీటి తొట్లు పెట్టే కొట్లు తక్కువ. ఒకదానిలో యజమాని గూడూరు మనిషి. పగడం ఉందా అని ఊరికే అడిగాను.

"జైలుకి పంపిస్తారా అన్నా? మొదటి షెడ్యూలు" అని నవ్వి, లోపలికి రమ్మన్నాడు. "దాని చుట్టం ఉంది చూడండి."

పక్కపక్క తొట్లలో, నల్లటి రాళ్ళ మధ్య, ఒక్కో సముద్ర పుష్పం. పువ్వనేది పేరుకే, పగడానికి దగ్గరి బంధువైన జంతువు అది. పెద్దది లేత గోధుమరంగులో, ఊగుతున్న వేళ్ళలాంటి కొసలతో, వాటి మధ్య దూరి తిరుగుతూ నారింజ రంగు చారల క్లౌన్ చేప. రెండోది కాగితంలా తెల్లగా ఉంది. కొసలు కుంచించుకుపోయి, నోరు కొంచెం తెరుచుకుని. లైటు పడితే అవతలి రాయి దానిలోంచి లీలగా కనబడుతోంది.

నిన్నగాక మొన్న కథ అది. రాత్రి కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద పంపు నడుస్తుంది గానీ నీళ్ళు చల్లబరిచే చిల్లరు నడవదు. తొట్టి మామూలుగా 26 డిగ్రీలు. ఆ గదిలో, ఈ ఎండల్లో, తెల్లారేసరికి 31 దాటింది. ఆ తర్వాతి రోజుల్లో ఈ రెండో తొట్టి పుష్పం గోధుమరంగు తీగల్లాంటివి కక్కడం మొదలెట్టిందని చెప్పాడు. "మొదట జబ్బేమో అనుకున్నా. తర్వాత చూస్తే దాని రంగే అది, బయటికి పోతా ఉంది." అవే శైవలాలు. రెండూ ఒకే తొట్టిలో లేవు గనక ఒకటి మిగిలింది.

అతను మాట్లాడుతూనే పొడుగాటి పటకారుతో రొయ్య ముక్క, మినపగింజంత, తెల్లదాని నోటి దగ్గర పెట్టాడు. ఏమీ కాలేదు. ఇంకాసేపు పట్టుకుని నిలబడ్డాడు. రెండు కొసలు మెల్లిగా వంగి ముక్కని అంటుకున్నాయి, మిగతావి తర్వాత, చుట్టుకుంటూ. లోపలికి లాక్కోవడానికి చాలాసేపు పట్టింది. "ఇట్టా రోజూ తినిపిస్తే నెలల్లో రంగొస్తుంది. ఆకలి తీరాలి కదా ముందు." ఆ తొట్టిలోని చేప మాత్రం తెల్లదాని దగ్గరికి పోవడం మానేసి, తొట్టి మూల గొట్టం వెనక ఉంటోందట.

నేను పాఠంలో చెప్పేదంతా ఆ గదిలో జరిగింది. అతని దగ్గర చిల్లరుంది, పటకారుంది, ఓపికుంది.

సోమవారం

వేళచ్చేరి దగ్గర ఆంధ్రా మెస్సులో భోజనం. పక్కన మా ఒంగోలువాడు, కాలేజీలో నాకు జూనియరు, సముద్రంలో కొలతలు తీసే పరికరాల మీద పనిచేస్తాడు. పేరు రాయొద్దన్నాడు. సముద్ర సాంకేతిక సంస్థ, ఎన్‌ఐఓటీ, ఈ రోడ్డులోనే పల్లికరణైలో ఉంది. పక్కనే 2022లో రామ్‌సర్ జాబితాకెక్కిన, అంటే అంతర్జాతీయ గుర్తింపు పొందిన చిత్తడి నేల, దాని అంచున చెత్తగుట్ట, అవతల ఐటీ భవనాలు.

పప్పు, గోంగూర అయ్యేదాకా పాత కబుర్లు. పెరుగు దగ్గర బోయాల మాట వచ్చింది. బంగాళాఖాతంలో, అరేబియాలో లంగరేసి వదిలిన పసుపురంగు తేలే కేంద్రాలు అవి. గాలి, అల కొలవడంతోపాటు తాడు వెంట దిగేసిన సెన్సర్లతో 500 మీటర్ల లోతు దాకా ఉష్ణోగ్రత చూస్తాయి, ఉపగ్రహం ద్వారా ఒడ్డుకి పంపుతాయి. "ఎవడో ఒకడు పడవ కట్టేస్తాడు సార్. బోయా నీడన చేప చేరుతుందని. కట్టినందుకు పర్లేదు, పోతూ పోతూ సోలారు పలక ఊడబీక్కుపోతారు." కాశిమేడు ఆయన సూది గుర్తొచ్చి నేను మాట్లాడలేదు.

పగడాల హెచ్చరికలు వచ్చేది మాత్రం ఇక్కణ్ణుంచి కాదు, మన హైదరాబాదు నుంచి. ప్రగతినగర్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్, ఉపగ్రహాలు చూసే ఉపరితల ఉష్ణోగ్రతల ఆధారంగా అండమాన్, నికోబార్, లక్షద్వీప్, మన్నారు, కచ్ దిబ్బలకి 2011 నుంచి సమాచారం ఇస్తోంది. సముద్రం లేని ఊళ్ళో కూర్చుని సముద్రం జ్వరం చూస్తున్నారు. లెక్క ఎలా కడతారో మావాడు నాప్కిన్ మీద వేసి చూపించాడు. ఆ చోట సాధారణంగా అన్నిటికంటే వేడిగా ఉండే నెల సగటు తీసుకుంటారు. దాన్ని ఒక డిగ్రీ, అంతకుమించి దాటిన ప్రతి వారాన్నీ, ఎంత దాటిందో అంత, గత 12 వారాలకి కూడతారు. ఒక డిగ్రీ చొప్పున నాలుగు వారాలైతే నాలుగు. రెండు డిగ్రీలైతే రెండు వారాల్లోనే నాలుగు. నాలుగు దాటితే తెల్లబారడం, ఎనిమిది దాటితే చావులు. ఇది మొన్నటిదాకా ఉన్న పట్టిక. 2023లో అమెరికా కరేబియన్ వైపు అంకెలు పట్టికలో పట్టక, నోవా పైన ఇంకో మూడు మెట్లు కట్టింది. చివరి మెట్టు ఇరవై. అక్కడ దాదాపు అన్నీ పోతాయి.

మన అంకెలు కూడా చిన్నవేం కాదు. పెద్దఎత్తున తెల్లబారిన ఏళ్ళు 1998, 2010, 2016, ఇప్పుడు 2024. మన్నారులో 2016 వేసవి ఒక్కటే సుమారు 16 శాతం పగడాల్ని చంపింది. కొమ్మల రకాలు ముందు పోయాయి, గుండ్రటి బండ పగడాలు చాలావరకు నిలబడ్డాయి. లక్షద్వీప్‌లో 1998 నుంచి 2022 దాకా చూస్తూ వచ్చినవాళ్ళు దిబ్బ మీద బతికున్న పగడం పరుచుకున్న భాగం 37 శాతం నుంచి 19కి దిగిందని తేల్చారు. త్వరగా పెరిగే రకాలకైనా తేరుకోవడానికి పదేళ్ళు పడుతుంది. ఆ పదేళ్ళ విరామమే ఇప్పుడు దొరకడం లేదు. తర్వాత వచ్చిన నోవా లెక్క ప్రకారం, 2023 జనవరి నుంచి 2025 మార్చి మధ్య ప్రపంచంలోని దిబ్బల విస్తీర్ణంలో సుమారు 84 శాతం తెల్లబారేంత వేడిని చూసింది. పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్‌నినో వచ్చినప్పుడల్లా వేడి ఎగసిపడుతోంది నిజమే, కానీ అసలు మామూలు వేడి మట్టమే పెరిగింది. మనం కాల్చిన బొగ్గు, చమురు వల్ల భూమికి అదనంగా పట్టిన వేడిలో 90 శాతానికి పైగా సముద్రమే మింగింది.

"తుపాను హెచ్చరిక ఇస్తే జనాన్ని ఖాళీ చేయిస్తాం. పగడాల హెచ్చరిక ఇస్తే ఏం చేస్తారు?" అన్నాను.

వాడు వెంటనే జవాబివ్వలేదు. ఆ వారాల్లో దాని మీద ఇంకో దెబ్బ పడకుండా చూడొచ్చు, లంగర్లు, వలలు, మురుగు. తూత్తుకుడివాళ్ళు ఇరవై ఏళ్ళకు పైగా పగడపు ముక్కల్ని కాంక్రీటు పలకలకి కట్టి పెంచుతున్నారు. కరిగిపోతున్న వాన్ దీవి ముందు ఐఐటీ మద్రాసు సాయంతో కాంక్రీటు దిబ్బలు దింపారు, వాటి వెనక ఇసక మళ్ళీ చేరింది. ఇవన్నీ మంచి పనులే. కానీ కట్టి పెంచిన ముక్కకైనా పట్టేది అదే వేడి నీరు. ప్రపంచ వేడి ఒకటిన్నర డిగ్రీ పెరిగితే పగడపు దిబ్బలు 70 నుంచి 90 శాతం దాకా పోతాయని, రెండు డిగ్రీలైతే 99 శాతానికి పైగా పోతాయని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల బృందం ఐపీసీసీ 2018లోనే రాసింది. ఇందులో కాంక్రీటు చేయగలిగింది ఎంతో నాకు అనుమానమే. మావాడికి అంత అనుమానం లేదు. వయసు చిన్నది.

మెస్సు టీవీలో రేమల్ తుపాను. రాత్రే బెంగాల్, బంగ్లాదేశ్ మధ్య తీరం దాటింది. చెట్లు, కప్పులు, నడుంలోతు నీళ్ళు. మన వైపు పుట్టినవాళ్ళం కదా, ఇద్దరం చేతులు కడుక్కోకుండానే చూస్తూ కూర్చున్నాం.

"ఒక మాట చెప్తే తిడతారేమో" అన్నాడు వాడు. "తుపాను పోయిన దారిలో అడుగునున్న చల్లనీళ్ళు పైకొస్తాయి. ఉపరితలం ఒకట్రెండు డిగ్రీలు పడిపోతుంది. బోయా గీతలో స్పష్టంగా కనబడుతుంది. పగడాలున్న చోటికి మరీ దగ్గరగా పోకుండా, అలలతో విరగ్గొట్టకుండా, కాస్త దూరంగా పోతే వాటికి ప్రాణం లేచొస్తుంది."

"మన్నారుకి అలాంటిది వస్తుందా?"

"అక్కడ దానికి నైరుతే దిక్కు. కచ్చాన్ గాలంటారు మండపంవాళ్ళు. మబ్బు పడుతుంది, గాలి నీళ్ళని కలియబెడుతుంది, జూన్‌లో వేడి దిగుతుంది. 31కి కేరళకి వస్తుందన్నారు. ఒక వారం ముందొచ్చినా వెనకొచ్చినా ఎన్ని బతుకుతాయో తేడా పడుతుంది."

మరి ఎన్ని బతికాయో ఎప్పుడు తెలుస్తుందని అడిగాను. అదే చిక్కట. కచ్చాన్ మొదలైతే నీళ్ళు బురదవుతాయి, దిగినవాడికి చెయ్యి చాచినంత దూరం కూడా కనబడదు. గాలి తగ్గి నీళ్ళు తేరుకునేదాకా ఆగాల్సిందే. టవల్ భుజాన వేసుకుని బిల్లు కట్టడానికి లేచాడు, నేను వద్దన్నా వినలేదు.